జలపాతం చూడబోయి ట్యాంకరుకు అడ్డం పడ్డాం

రెండేళ్లుగా మా ఇంట్లో ఒకే కంపెనీ సీసా నీళ్లు తాగుతున్నాం. పేరు రాయను, రాస్తే అదీ వాళ్లకు ప్రచారమే. సీసా మీద పచ్చటి కొండ, దాని మీంచి దూకే జలపాతం. ఈమధ్య ఆ బొమ్మ కింద కొత్తగా ఒక పిలుపు అచ్చేశారు: ‘మీ నీళ్లు పుట్టిన చోటు చూద్దురు రండి. బస్సు మాది, టిఫిన్ మాది.’ బెంగళూరులో ఉచితంగా దొరికేది ట్రాఫిక్ ఒక్కటే అని నమ్మే నేను కూడా ఆశపడి పేరిచ్చాను.

ఆదివారం పొద్దున ఏడింటికి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో బస్సు. మడివాళ నుంచి ఆటోకి నూట ఇరవై వదిలింది. మీరు కాస్త ముందు బయల్దేరితే సిటీ బస్సు చాలు. హోసూరు రోడ్డు మీద చందాపుర దాకా ఈడ్చుకుంటూ వెళ్లి, ఆనేకల్ వైపు తిరిగి, తొమ్మిదింటికి ఒక పెద్ద రేకుల షెడ్డు ముందు దిగాం. షెడ్డు వెనక బోరుబావి. కొండా లేదు, జలపాతమూ లేదు. మమ్మల్ని తీసుకొచ్చిన కంపెనీ ప్రచారం మనిషి వరుణ్‌ను అడిగితే నవ్వాడు. “అది కాన్సెప్ట్ అండీ. కస్టమర్‌కి ఆ ఫీల్ రావాలి కదా.” ఇడ్లీ, వడ పెట్టారు. వడ బాగుంది, అబద్ధం చెప్పను.

తిన్నాక ఫోటోలు. షెడ్డు పక్క సందులో అనంతపురం నుంచి కూలికి వచ్చిన వాళ్ల ఇళ్లున్నాయి. సందు మొదట్లో గోడ నిండా కాగితంపూలు. ఫోటోకి బాగుంటుందని కంపెనీ బస్సును దాని ముందు అడ్డంగా పెట్టమన్నాడు వరుణ్. డ్రైవర్ మంజునాథ ఒప్పుకోలేదు.

“ఈడ నిలిపితే నీళ్ల ట్యాంకరు లోపలికి పొయ్యేకి కాదు సార్. నాలుగు దినాలకొకసారి వస్తాది.”

“ఫైవ్ మినిట్సే బాస్. వస్తే తీసేద్దాం.”

ట్యాంకరు వచ్చింది, హారన్ కొట్టింది. ఫోటోలు తీసే డ్రోన్ గాల్లో ఉందని వరుణ్ బస్సును కదలనివ్వలేదు. ఇంకా చాలా వీధులు తిరగాలని ట్యాంకరతను కన్నడలో ఓ తిట్టు తిట్టి వెనక్కి తిప్పుకుపోయాడు. బిందెలతో బయటికొచ్చిన ఆడవాళ్లు దాని వెనక పరిగెత్తారు. మేం సీసాలు పైకెత్తి నవ్వుతూ నిలబడి ఉన్నాం.

వాళ్లలో నారాయణమ్మ అనే పెద్దావిడ ఖాళీ బిందెతో తిరిగొచ్చి నేరుగా నా ముందు నిలబడింది. “నా కోడలు కాన్పయి పదకొండు దినాలాయె, ఈ పొద్దు పురుడు తల్లీ. బాలింతకు తలకు పోయాల, బిడ్డకు పోయాల, ఇల్లు కడగాల. ఇంట్లో చెంబెడు నీళ్లు లేవు. ఇంగ ఏం చేయాల?” ఎత్తి పట్టుకున్న సీసా సిగ్గుతో దించేశాను. వరుణ్ రెండు పెట్టెల సీసాలు ఆమె ఇంటి గుమ్మం దాకా తెప్పించాడు. వాటి వెనకే కెమెరా కూడా వచ్చింది.

“ఫోటో వద్దప్పా. ఇంగా పేరు పెట్టని బిడ్డ. దిష్టి తగులుతాది.”

“ఒక్కటే అమ్మా. ఇంకో రెండు పెట్టెలు ఇస్తాం.”

ఆమె పెట్టెల వైపు చూసింది, బాలింత ఉన్న గది వైపు చూసింది. తర్వాత గుమ్మంలోంచి పక్కకు తొలగింది. ఒక్కో సీసా మూత తిప్పి ఆ నీళ్లు కాగులో పోసి కాచారు. కంపెనీ బోరు వేశాకే ఆ సందులో చేతిపంపు ఎండిందని తిరుగు దారిలో మంజునాథ చెప్పాడు.

వారం తిరక్కుండా ప్రకటన వచ్చింది. నారాయణమ్మ చాచిన కాళ్ల మీద బిడ్డ, పక్కన వాళ్ల సీసా. ‘పురిటి స్నానమూ మా స్వచ్ఛతతోనే.’ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరూ దండాలు పెట్టారు, గుండె బొమ్మలు పెట్టారు. నాకు ఒళ్లు మండింది. ఆ కంపెనీ మానేసి ఇంకొకటి తెప్పించాను. దాని మీద వేరే జలపాతం ఉంది. మానేసి ఏదో సాధించానని చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లడం లేదు. మీరూ వెళ్తానంటే ఒకటే సలహా: బస్సును మెయిన్ రోడ్డు మీదే ఆపించి నడిచి వెళ్లండి. ట్యాంకరు ఏ రోజు వస్తుందో కంపెనీ వాళ్లను కాదు, ఆ సందులో అడగండి.