పట్టుచీర మీద పాలమరక

పాలు కక్కే బిడ్డ దక్కదని నాకు మొదట చెప్పింది మా పెద్ద ఆడబిడ్డ. అందుకే మదురై బస్సులో మూడు నెలల బాబు కక్కినప్పుడల్లా భయంతో మళ్లీ పాలిచ్చాను. నాలుగోసారికి దేవుడికి మొక్కుకోసాగాను.

నేను పెరుమాళ్లను తెలుగులో మొక్కుకోవడం విని, పక్కసీటులో పట్టుచీర కట్టుకుని పెళ్లికి పోతున్న పెద్దావిడ నా వైపు తిరిగింది.

"నిండిన చెంబులో ఇంకా పోస్తావా, కన్నూ? ఉచ్చ బాగా పోస్తాడా?"

"పోస్తాడు పెద్దమ్మా. బరువూ పెరిగినాడు."

"సరి, ఇంక భయమేల? ఆకుపచ్చగా కక్కితే డాక్టరు కాడికి పరుగెత్తు. ఇప్పుడు ఇట్లా తే."

వాడిని నిలువుగా భుజానికి ఆనించుకుంది. బస్సు వాడిపట్టి ఊరు దాటగానే బాబు ఆ పట్టుమీదే కక్కాడు. తుడవబోయాను.

"ఉండనీ, నిద్రపోతాండాడు."

మదురై దాకా ఆమె భుజం కదపలేదు.

దేవుడి దయవల్ల వాడిప్పుడు బడికి పోతున్నాడు. ఆమె పేరు అడగలేదు. మీరు దీపం పెట్టేటప్పుడు, పాలమరకతో పెళ్లికి వెళ్లిన ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.