కమిటీలకూ పోగులేసిన రోజు

"కత్తి నా చేతికిచ్చి తప్పు చేసిన్రు ఎల్లస్వామీ! లేకుంటె నేనేం జేసెటోన్ని?"

కురుమయ్య నవ్వుకుంటూ గొంగడి పరిచాడు. హాలియాలో కుట్టుమిషన్ పెట్టుకున్న ఎల్లస్వామి సైకిల్ దిగి దాని మీద కూర్చున్నాడు. పంచాయతీ సమితిలో ఏం జరిగిందో ఈయన నోటనే వినాలని అంత దూరం తొక్కుకుంటూ వచ్చాడు.

"మొదటికెల్లి చెప్పు కాకా."

మొదలంటే గొర్లే. ఆ ఏటి వానలకు గిట్టలు కుళ్లి కురుమయ్య మందలో సగం కుంటుతున్నాయి. పశువుల డాక్టరు చూడాలంటే మందను తోలుకుపోయి దారిలో ఎక్కడో రాత్రి ఆపాల్సిందే. సమితికి కొత్తగా పశువుల దవాఖాన మంజూరైంది. ఏ ఊళ్లో పెట్టాలో చెప్పేది పశువుల కమిటీ. సర్పంచిగా కురుమయ్య సమితి మెంబరే కానీ, అతనిది ఓడిన పార్టీ. సమితిలో వాళ్లు మూడోవంతు ఉన్నా, ఆ పొద్దున వేసిన కమిటీల్లో ఒక్కదాంట్లోనూ వాళ్ల మనిషి లేడు. చేతులెత్తమన్నారు. ఎక్కువ చేతులు లేచిన దిక్కే అన్నీ పోయాయి.

"నువ్వు ఊకున్నవా?"

"యాడ ఊకున్న! లొల్లి వెట్టిన. 'చేతులు లెక్కవెట్టుకో కురుమన్నా' అన్నడు ప్రెసిడెంటు పర్వతాలు."

ఆ సంబరానికి పర్వతాలే పొట్టేలును కోయించి, కత్తి కురుమయ్య చేతికిచ్చాడు. మాంసం పోగులేసి పంచడంలో కురుమయ్యది తిరిగిన చెయ్యి. మోదుగాకుల మీద ప్రతి పోగులోనూ ఇంత మెత్తటి తునక, ఇంత కార్జం, ఇంత బోటి, ఒక బొక్క పడాలి. ఆ రోజు మాత్రం కురుమయ్య మెత్తటిదీ కార్జమూ ఒక దిక్కు, బొక్కలూ బోటీ ఇంకో దిక్కు పోసి చేతులు కడుక్కున్నాడు.

"గివి మా పార్టీయి. గవి మీయి."

అందరూ ఒక్కసారే లేచారు. "పిచ్చి లేసిందా నీకు? ప్రతి పోగుల అన్నీ పడాలె గద!" అని అరిచాడు పర్వతాలు.

"పొద్దుగాల కమిటీలల్ల పడ్డయా ప్రెసిడెంటు సాబ్?"

పర్వతాలు రెండు కుప్పల దిక్కూ చూశాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కండువా జారి మోదుగాకుల్లో పడినా ఆగలేదు.

"సరే తీ. ఒక్కో కమిటీల మీ పార్టోళ్లను గుడ ఒకరిని కలుపుదాం. ఎవరు ఏ కమిటీలనో అదిగుడ పోగుల లెక్కనే!"

పోగులు పంచేటప్పుడు చేసినట్టే పర్వతాలు వెనక్కి తిరిగి నిలబడ్డాడు. కురుమయ్య కమిటీల పేర్లు రాసిన చీటీల్లో ఒక్కోదాని మీద వేలు పెట్టి "ఇది ఎవరికి?" అంటే, ఆయన చూడకుండా కురుమయ్య పార్టీ వాళ్లలో ఒకరి పేరు పిలిచాడు. పశువుల కమిటీ సోమమ్మకు పోయింది.

"మరి నీకు?"

"బడుల కమిటీ! నేను బడి మొఖం జూసిన్నా ఎన్నడన్న? మా ఇంటామె బిక్షమ్మ ఇంకా నవ్వుతనే ఉన్నది."

"బాధ లేదా కాకా, గొర్లు నీయి గద?"

"మొదట మనసు జర గుంజింది. సోమమ్మ మా పార్టే, మేకలు మేపే మనిషే. మాట్లాడొస్తది." కురుమయ్య మంద దిక్కు చూశాడు. ఒక పొట్టేలు ముందరి కాలెత్తి నిలబడింది.

ఎల్లస్వామి సైకిల్ స్టాండు తీశాడు.

"ఆగు. సోమమ్మ ఊరు నీ తొవ్వలనే గద. రేపే వాళ్ల మీటింగు. దవాఖాన మా ఊర్లనే కావాలని పట్టువట్టొద్దను. రెండు పార్టీల ఊర్ల మందలు పొద్దుగూకక ముందే ఇంటికి మల్లొచ్చే జాగా అడుగుమను. జర దిగి చెప్పిపో బిడ్డా, మర్సిపోకు."