కామర్స్ వారి ఖాళీ మెషీన్

నేను రిటైరవడానికి పద్నాలుగు నెలల ముందు, జూన్ మొదటి సోమవారం నాడు, నా టేబుల్ మీదికి ఒక ఆర్డరు వచ్చింది. విశ్వవిద్యాలయపు క్లౌడ్ ఖర్చుల నియంత్రణకు నన్ను నోడల్ ఆఫీసరుగా, ఉన్న విధులకు అదనంగా, ఏ అదనపు భత్యమూ లేకుండా నియమించారని దాని సారాంశం. అప్పటికి నేను కంప్యూటర్ సెంటర్లో సిస్టమ్ మేనేజర్ని. మాది అనంతపురం వైపు. ఉద్యోగం కోసం వచ్చి తార్నాకలో స్థిరపడ్డాం. ఇంటికీ ఆఫీసుకూ మధ్య స్కూటరు మీద పది నిమిషాలు. విశ్వవిద్యాలయం పేరు చెప్పను. ఆ చుట్టుపక్కల చదువుల సంస్థలకు కొదవ లేదు, ఏదో ఒకటి అనుకోండి.

క్లౌడ్ అంటే తెలియనివారికి ఒక్క మాట. ఎక్కడో ఉన్న పెద్ద పెద్ద కంప్యూటర్లను మనం అద్దెకు తీసుకుంటాం. వాడినా వాడకపోయినా, ఆన్‌లో ఉన్నంతసేపూ మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఎవరు ఎన్ని మెషీన్లు ఆన్ చేసి వదిలేశారో కనిపెట్టడానికి మళ్లీ ఇంకొక సాఫ్ట్‌వేర్ కావాలి. దానికీ అద్దే. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఆ సెప్టెంబరులో మూడు కొత్త సదుపాయాలు వచ్చాయి. అమ్మిన కంపెనీ తరఫున ఒకావిడ వీడియో కాల్‌లో వాటిని గంటసేపు వర్ణించింది. మా సెంటరు వాళ్లం ఆరుగురం తలలూపాం. అందులో ఇద్దరు నిజంగా విన్నారు.

మొదటిది వారంవారీ పట్టిక. ఏ శాఖ ఎంత వాడిందో వరుసగా పేర్చి, ప్రతి సోమవారం శాఖాధిపతులందరికీ మెయిల్ వెళ్తుంది. రెండోది ముద్ర. ప్రతి మెషీన్‌కూ ‘అత్యవసరం’ అనో ‘సాధారణం’ అనో ఒక చీటీ తగిలించవచ్చు. మూడోది కాపలా. నెలకు ఇంత అని పరిమితి పెడితే, అది దాటగానే సాధారణం ముద్ర ఉన్న మెషీన్లన్నిటినీ సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఆపేస్తుంది. మూడింటినీ ఒకే రోజు ఆన్ చేశాను. పొదుపు గురించి చదువుకున్నవాళ్లకు చెప్పనక్కర్లేదని నా ధీమా.

రెండో సోమవారమే కామర్స్ శాఖాధిపతి కామేశ్వర్రావు గారు మా సెంటరుకు వచ్చారు. కాకినాడ మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో పట్టిక ప్రింటు.

“ఏవండీ, మా డిపార్ట్‌మెంటుని అట్టడుగున పడేశారేంటండీ?” అన్నారు.

అది ఖర్చుల పట్టిక అనీ, అడుగున ఉంటేనే మంచిదనీ చెప్పాను.

“ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని. ఆఖరి ర్యాంకు మంచిదని ఏ పిల్లాడికీ చెప్పలేదండీ నేను. మీ సీమవాళ్లకి మొహమాటం ఉండదు గానీ, మా వాళ్లంతా నోటీసు బోర్డు మీద చూసుకుని సిగ్గుపడుతున్నారు.”

సాఫ్ట్‌వేర్‌లో ఖర్చు పెరిగితే ఎర్ర బాణం పైకి చూపిస్తుంది, తగ్గితే పచ్చ బాణం కిందికి. వారి ఆఫీసు ప్రింటరు నలుపు తెలుపుది. అందులో పైకి చూసే బాణం ప్రగతి, కిందికి చూసేది పతనం. ఆయన తప్పేమీ లేదు.

పదిహేను రోజుల్లో కామర్స్ శాఖ, దొరికిన వాటిలో అతి పెద్ద మెషీన్ ఒకటి తీసుకుని ఆన్ చేసింది. దాని మీద ఏమీ నడపలేదు. ఆన్‌లో ఉండటమే దాని ఉద్యోగం. పట్టికలో వారు రెండో స్థానానికి ఎగబాకారు. అది చూసి మరో రెండు శాఖలు ఉలిక్కిపడి తలా ఒకటి ఆన్ చేశాయి. పొదుపు కోసం పెట్టిన పట్టిక వల్ల మా ఖర్చు ఎన్నడూ లేనంతగా పెరిగింది. మా సెంటరు కమిటీలో ఈ విషయం చెబితే, ‘క్లౌడ్ వినియోగంలో గణనీయమైన వృద్ధి’ అని మినిట్సులో రాసుకున్నారు.

ముద్రల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో తప్పు నాదే. ‘అత్యవసరం’ ముద్ర కావలసినవారు శాఖాధిపతి సంతకం, సీలుతో ఉత్తరం పంపాలని సర్క్యులర్ రాసింది నేను. కామేశ్వర్రావు గారి ఉత్తరం మర్నాడే వచ్చింది. నిండుగా సీలు, రెఫరెన్సు నంబరు, కింద నాలుగు ప్రతుల వివరం. నేను ముద్ర వేశాను.

నవంబరు చివర్లో భూభౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న స్వప్న అనే అమ్మాయి వచ్చింది. ఇల్లు లాలాగూడ. తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నగరంలో భూగర్భజలాలు ఏ వానాకాలంలో ఎటు కదిలాయో ఐదేళ్ల లెక్క కట్టే ప్రోగ్రాం ఆమెది. క్లౌడ్‌లో ఒక మెషీన్ మీద రాత్రింబవళ్లు నడుస్తోంది.

“సార్, నా మెషీన్‌కు అత్యవసరం ముద్ర కావాలె. మా హెడ్ సార్ సెలవుల ఉన్నరు, సంతకం దొరుకుత లేదు. మీరు ఏసేయరా?” అంది.

త్రూ ప్రాపర్ ఛానెల్ రావాలమ్మా అన్నాను. అది నేను ఉద్యోగంలో చేరిన తొలివారంలో నేర్చుకున్న వాక్యం. ఇన్నేళ్లలో దానివల్ల నాకు ఎన్నడూ నష్టం కలగలేదు. ఆమె “సరే సార్” అని వెళ్లిపోయింది.

డిసెంబరు ఇరవయ్యో తారీఖు పొద్దున పరిమితి దాటింది. కాపలా సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది. పదకొండు గంటలకు స్వప్న నా ఎదురుగా నిలబడింది.

“నా మెషీన్ బందయింది సార్. మీరే బంద్ చేసిన్రా?”

“మేం కాదమ్మా. సిస్టమ్ ఆపింది.”

“సిస్టమ్ అంటే ఎవరు సార్? బయట బోర్డు మీద సిస్టమ్ మేనేజర్ అని మీ పేరే ఉన్నది గదా.”

కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఆమె మెషీన్‌లో వేగం కోసం ఒక తాత్కాలిక డిస్కు ఉంటుంది. మెషీన్ ఆగితే అది తుడిచిపెట్టుకుపోతుంది. మూడు వానాకాలాల ఫలితాలు ఆమె వేరేచోట భద్రపరుచుకుంది. చివరి రెండింటివీ ఆ డిస్కు మీదే ఉన్నాయి, తొమ్మిది రోజుల పని. థీసిస్ సమర్పించడానికి ఆఖరి గడువు ఇరవై ఎనిమిది. ఇవ్వగలిగిన పొడిగింపులన్నీ అయిపోయాయి. ఆ తారీఖు దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

“ఆరేండ్లు సార్,” అని మాత్రం అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది.

దారులు వెతికాను. పరిమితి పెంచాలంటే ఫైనాన్స్ కమిటీ కూర్చోవాలి. అది మూడు నెలలకోసారి కూర్చుంటుంది, అదీ టిఫిన్లు బాగుంటే. ముద్ర ఇప్పుడు వేద్దామంటే, పరిమితి దాటాక వేసిన ముద్ర వచ్చే నెల ఒకటి నుంచే చెల్లుతుందని సాఫ్ట్‌వేర్ చెప్పింది. సరే, అసలు ఇంకా ఏమేం నడుస్తున్నాయో చూద్దామని జాబితా తెరిచాను. పరీక్షల విభాగం, అడ్మిషన్లు, లైబ్రరీ, వాటి పైన కామర్స్ వారి మెషీన్. మూడు నెలలుగా దాని మీద పని సున్నా. సీలున్న ఉత్తరం వల్ల అది బతికింది, సీలు లేనందువల్ల ఈ పిల్ల పని పోయింది. వేసిన ముద్రా, వేయని ముద్రా రెండూ నా నిర్ణయాలే.

కామేశ్వర్రావు గారి గదికి నడుచుకుంటూ వెళ్లాను. స్కూటరు మీద వెళ్తే ఏం మాట్లాడాలో ఆలోచించుకునే వ్యవధి ఉండదు. మెషీన్ ఆపెయ్యమని అడగడానికే బయల్దేరాను. ఆయన వినలేదు.

“జనవరిలో తనిఖీ బృందం వస్తోందండీ. క్లౌడ్ వాడకంలో రెండో స్థానం అని రిపోర్టులో రాసేశాం. ఇప్పుడు ఆపితే నా మొహం ఎక్కడ పెట్టుకోమంటారు?”

అప్పుడు తట్టింది. ఆపనక్కర్లేదండీ, ఆ మెషీన్ మీద ఒక అమ్మాయి లెక్కలు కొన్నాళ్లు నడుపుకోనివ్వండి అన్నాను. ఖర్చు మీ శాఖ పేరునే ఉంటుంది, స్థానం చెక్కుచెదరదు. పైగా ఇప్పుడు నేలబారుగా ఉన్న మీ పనితీరు గ్రాఫు నిట్టనిలువుగా లేస్తుంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “గ్రాఫు కూడా ఉందా అండీ? ఇన్నాళ్లూ చెప్పలేదేం?” అన్నారు. ఆ అమ్మాయి ఏ శాఖ అని అడగలేదు. ఆ మధ్యాహ్నమే సంతకం పెట్టి ఇచ్చారు. మంచి మనిషి. ఆయన్ను అంతకుముందు ఎవరూ ఉపయోగపడే పని ఒకటి అడగలేదంతే.

ఒక శాఖ మెషీన్‌ను మరో శాఖ విద్యార్థికి ఇవ్వడానికి మా నిబంధనల్లో చోటు లేదు. వద్దని కూడా ఎక్కడా రాసి లేదు. ఫైలు తెరవకుండా నేను చేసిన మొదటి పని అది. కామర్స్ వారి మెషీన్ తెరిచి చూస్తే, అంత యంత్రంలోనూ ‘సుస్వాగతం’ అని ఒకే ఒక్క స్లయిడు ఉంది. స్వప్న దాన్ని చూసి ఆ రోజు మొదటిసారి నవ్వింది. “దీన్ని తీసేయాల్నా సార్, ఉంచాల్నా?” అంది. భద్రపరచమన్నాను. ఆ మెషీన్‌ను ఆమె ప్రోగ్రాంకు తగ్గట్టు మళ్లీ సిద్ధం చేయడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆమె మా సెంటర్లోనే కూర్చుని పనిచేసింది. ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బాలో సగం నా ముందుకు తోసేది. తినడానికి నాకు మొహం చెల్లలేదు గానీ తిన్నాను. పప్పు బాగుంది.

పెద్ద మెషీన్ కాబట్టి తొమ్మిది రోజుల లెక్క ఆరు రోజుల్లో తేలేలా ఉంది. అంటే సరిగ్గా ఇరవై ఎనిమిది సాయంత్రానికి. ఆఖరి అధ్యాయం రాసి, బైండు చేయించడానికి ఇంకో వారం కావాలి. అంతా లెక్క వేసుకుని ఇరవై ఆరునే రిజిస్ట్రార్ గారి దగ్గరికి వెళ్లాం.

ఆఖరి పొడిగింపు తర్వాత మరొకటి కావాలంటే ఒకే దారి. ఆలస్యం విశ్వవిద్యాలయం పొరపాటు వల్ల జరిగిందని సంబంధిత అధికారి రాసివ్వాలి. రిజిస్ట్రార్ గారు నాకు మేలు చేయాలనే అన్నారు, “సాంకేతిక కారణాల వల్ల అని రాసెయ్యండి. అందులో అందరూ ఇముడుతారు.” నేను అలాగే రాసిచ్చాను. ఇది దాచను. ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు, పెన్షన్ కాగితాలు అప్పుడే కదులుతున్నాయి.

మర్నాడు పరీక్షల విభాగం ఆ ఫైలును వెనక్కి పంపింది. ‘ఏ సాంకేతిక కారణం? ఎవరి బాధ్యత?’ అని పెన్సిల్‌తో రెండే ప్రశ్నలు. ఇన్నేళ్లలో ఆ విభాగం అడిగిన సరైన ప్రశ్నలు అవే అనుకుంటాను. స్వప్న ఫైలు పట్టుకుని వచ్చి, నా టేబుల్ మీద పెట్టి కిటికీ దగ్గర నిలబడింది. బతిమాలితే ఏదో సర్దిచెప్పి ఉండేవాణ్ని. ఆమె బతిమాలలేదు.

రెండో ఉత్తరం పది నిమిషాల్లో రాశాను. పరిశోధకురాలు ముందుగా వచ్చి అడిగారని, ఆమె మెషీన్ మీద ఏం నడుస్తోందో నేను విచారించలేదని, సంతకం లేదని తిప్పి పంపానని, వాడకంలో లేని మరో మెషీన్‌కు సంతకం ఉందని ముద్ర వేశానని, బాధ్యత నాదని. కింద పేరు, హోదా, తేదీ. రిజిస్ట్రార్ గారు చదివి, “ఇది మీ సర్వీసు ఫైల్లోకి వెళ్తుంది, తెలుసుగా?” అన్నారు. తెలుసండీ అన్నాను.

ఆమెకు పదిరోజుల పొడిగింపు వచ్చింది. తొమ్మిదో రోజు థీసిస్ ఇచ్చింది. నాకు ‘మీపై ఎందుకు చర్య తీసుకోకూడదో వివరించండి’ అని మెమో వచ్చింది. వివరించాను. వాళ్లు దాన్ని పరిశీలిస్తూ ఉండగా నేను రిటైరయ్యాను. పరిశీలన పూర్తయ్యేవరకు గ్రాట్యుటీ ఏడు నెలలు ఆగింది. మా ఆవిడ ఆ ఏడు నెలలూ నా నిజాయితీ గురించి కూరగాయలవాడితో సహా అందరికీ చెప్పింది, మెచ్చుకోలుగా మాత్రం కాదు.

ఏడాది తర్వాత క్యాంపస్ లైబ్రరీలో ఆమె థీసిస్ చూశాను. కృతజ్ఞతల పేజీలో అమ్మానాన్నలు, గైడు, ఆ తర్వాత ‘యంత్ర సహాయం అందించిన కామర్స్ శాఖకు’ అని ఉంది. నా పేరు లేదు. అది సబబే.

రిటైరయ్యేలోగా నేను ఆ పద్ధతిని మార్చాను. ముద్ర అడిగేవారు ఉత్తరం తేనక్కర్లేదు, మెషీన్ మీద ఏం నడుస్తోందో ఎదురుగా కూర్చుని చూపిస్తే చాలు. కాపలా ఏదైనా ఆపేముందు దాన్ని వాడుతున్న మనిషికి మా సెంటరు నుంచి ఫోన్ వెళ్లాలి. ఆ సాఫ్ట్‌వేర్ మంచిదే. ఏ మెషీన్‌కు ఎంత అవుతుందో పైసాతో సహా చెబుతుంది. అది ఆగితే ఎవరి పని ఆగుతుందో చెప్పే గడి అందులో లేదు. అది వెళ్లి కనుక్కోవడం నోడల్ ఆఫీసరు పని. నేను ఆ పని చేయకుండా సీళ్లు చూస్తూ కూర్చున్నాను.