ఖాళీ పూల్‌లో కిలోమీటరున్నర ఈత

సుబేదారిలో స్విమ్మింగ్ పూల్ కడగడానికి నీళ్లన్నీ తోడేసిన రోజున మొండయ్య కిలోమీటరున్నర ఈదాడు. ఈదినట్టు ఆయన చేతి గడియారం చెప్పింది. గడియారం చెప్పినదాన్ని వాట్సాప్ గ్రూపు నమ్మింది. నమ్మనివాడు ఎల్లస్వామి ఒక్కడే.

ఎల్లస్వామి ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు. టికెట్ లేకుండా కిటికీలోంచి దూకబోయిన మేకను కూడా కాలు పట్టి ఆపానని చెప్పుకునేవాడు. రిటైరయ్యాక పట్టుకోవడానికి ఎవరూ దొరక్క, చాయ్ గ్లాసు అడుగు కూడా పరీక్షించి తాగుతున్నాడని భార్య సావిత్రి వాపోయేది. షుగర్ వచ్చింది, నడవమని డాక్టర్ చెబితే, ఆ డాక్టరుకూ బూట్ల షాపుకూ ఏదో లోపాయికారీ ఒప్పందం ఉందని అనుమానిస్తూనే బూట్లు కొన్నాడు.

అలా కాలేజీలో ఆటలు నేర్పే స్నేహలత మేడం నడిపే పొద్దుటి వ్యాయామ బృందంలో చేరాడు. మొదటి వారం కుక్కలు తరిమినంత దూరమే పరుగెత్తాడు. అవి ఆగితే తానూ ఆగాడు. పూల్‌లో అడుగు కనబడేంత తేటగా ఉన్న నీళ్ల మీద నమ్మకం కలగక మూడు రోజులు మెట్ల మీదే మోకాళ్లు తడుపుకున్నాడు. నాలుగో రోజు కాలుజారి పడ్డాడు. ఈత వచ్చింది ఆ పడటం వల్లే. ఆయనకు నిజంగా నచ్చింది మాత్రం అందరితో కలిసి గుట్టలెక్కడం. ముందు నడిచేవాడి మెడలో విజిల్ ఉంటుంది. అతను ఊదితే అందరూ ఆగాలి, మళ్లీ ఊదితే కదలాలి. రిటైరైన నాటి నుంచి ఎల్లస్వామి మాటకు ఆగింది ఏదీ లేదు, ఇంట్లో మిక్సీతో సహా. అందరి చేతులకూ అడుగులు లెక్కపెట్టే గడియారాలుంటాయి. నెలలో ఎవరిది ఎక్కువ చూపిస్తే విజిల్ వాళ్లకే. నెలాఖరు ఆదివారం పాండవుల గుట్టలకు పోయేనాటికి అది తన మెడలో ఉండాలని ఎల్లస్వామి పట్టుబట్టి నడిచాడు. మొదటి స్థానంలోనే ఉన్నాడు కూడా, మొండయ్య చేరేదాకా.

మొండయ్యది కొత్తవాడ. జంపఖానాలు నేస్తాడు. కూతురు తేజస్విని తొలి జీతంతో గడియారం కొని, చేతికి కట్టి, ఈ బృందంలో చేర్పించింది. గ్రౌండ్‌లో రెండు చుట్లకే ఆయాసపడి కూలబడతాడు. పూల్‌లో గట్టు కడ్డీ వదలడు. అయినా రోజూ ముప్పై వేల అడుగులు, పైన ఈత. ఎట్లా సాధ్యమని ఎల్లస్వామి అడిగితే, మొండయ్య గడియారం మీదికి చొక్కా చేతిని లాక్కుని, ఎండలు ముదిరాయని మాట మార్చాడు. ఆ చెయ్యి లాక్కోవడం ఎల్లస్వామికి బాగా తెలుసు. టికెట్ లేనివాళ్లు జేబులు తడుముకునేది అలాగే. గడియారాన్ని మేక కాలికి కట్టాడా, తిరిగే ఫ్యానుకు కట్టాడా అని మూడు రోజులు ఆలోచించాడు.

ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా కొత్తవాడ వెళ్లి కిటికీలోంచి తొంగిచూశాడు. మేక లేదు, ఫ్యాను ఆగి ఉంది. మొండయ్య మగ్గం ముందు కూర్చుని, కింది చెక్కలను ఒక కాలి తర్వాత ఒక కాలితో తొక్కుతూ, గడియారమున్న చేత్తో తాడు గుంజుతున్నాడు. గుంజినప్పుడల్లా నూలు మోసే నాడె మగ్గం ఆ చివరికీ ఈ చివరికీ పరుగెత్తుతోంది. ఎల్లస్వామి లోపలికి పోయి, గడియారం చూపెట్టమని చెయ్యి చాచాడు.

మొండయ్య కాళ్లు ఆగాయి.

"దొరికిపోయిన గదా అన్నా. నేను కూసున్నకాడికెల్లి లేవలే. తొక్కితే నడుత్తానవంటది, గుంజితే ఈదుతానవంటది. బిడ్డ కట్టింది, ఇప్పితే చిన్నబుచ్చుకుంటదని ఉంచుకున్న. మేడంకు చెప్పి నా పేరు తీసేయించు. దొంగ అని మాత్రం అనకు. వాడకట్టుల తలెత్తుకోలేను."

కూర్చుని లెక్క తీసుకోవడం మోసమేనని, ఆదివారం అందరి ముందూ చెప్పక తప్పదని ఎల్లస్వామి తేల్చేశాడు. చాలా ఏళ్లకు ఒకరిని పట్టుకున్న సంతోషంతో వర్ధన్నపేట బస్సెక్కాడు. పాస్ ఉంది కాబట్టి రోజూ అక్కడిదాకా పోయి, ఒక చాయ్ తాగి తిరిగి రావడం ఆయనకు అలవాటు. వెనక సీట్లో కూర్చుని, మళ్లీ తనదైన మొదటి స్థానాన్ని చూసుకుందామని గడియారం వంక చూశాడు. బస్సు గుంతలో పడింది. పద్నాలుగు అడుగులు. ఇంకో గుంత, ఇంకో తొమ్మిది. గడియారాన్నే అనుమానించి, విప్పి, తుడిచి మళ్లీ కట్టుకున్నాడు. తిరుగు ప్రయాణంలో చేతులు కట్టుకుని ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు. హనుమకొండలో దిగేసరికి కూర్చున్న మనిషి రెండు వేల మూడు వందల అడుగులు నడిచి ఉన్నాడు. అట్లా నెలంతా.

ఆదివారం గుట్ట కింద స్నేహలత మేడం విజిల్ పట్టుకుని నిలబడింది. మొండయ్య గడియారం విప్పేసి, చేతులు వెనక్కి పెట్టుకుని అందరికంటే వెనక ఉన్నాడు. ఎల్లస్వామి నోరు మెదపకపోయినా చాలు, మొండయ్యే తప్పుకుంటాడు. బస్సు సంగతి ఎవరికీ తెలియదు. ఎల్లస్వామి గొంతు సవరించుకున్నాడు.

"మొండయ్య కూసుండి తొక్కిండు మేడం. కానీ తన కాళ్లతోనే తొక్కిండు. నా అడుగులల్ల సగం వర్ధన్నపేట బస్సు డ్రైవర్ ఏసిండు."

నవ్వులు ఆగాక మేడం విజిల్‌ను మొండయ్య మెడలో వేసింది. మొదటి మలుపు దగ్గర మొండయ్య ఎంత మొహమాటంగా ఊదాడంటే, వెంటే నడుస్తున్న ఎల్లస్వామికి తప్ప ఎవరికీ వినబడలేదు. ఎల్లస్వామి వెనక్కి తిరిగి, రెండు చేతులూ చాచి అందరినీ ఆపాడు. ఆపినంతసేపూ ఒక్కొక్కరి మణికట్టునూ అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.