ముందే తవ్విన గోతులు

అలాస్కాలో మా సరుకు ఓడ ఆగిన ఊరి పేరు చెప్పినా ఎవరికీ తెలియదు. నాది విశాఖలో కంచరపాలెం, నాతోపాటు ఒడ్డుకు దిగిన అప్పలరాజుది యారాడ. నడిస్తే ఒళ్ళు వేడెక్కుతుందని ఊరి చివరిదాకా వెళ్ళాం. అక్కడ శ్మశానంలో ఒక ముసలాయన గొయ్యి తవ్వుతున్నాడు. పక్కన అప్పటికే మూడు తవ్వి ఉన్నాయి.

ఇంతమంది ఒకేసారి ఎలా పోయారని ఇంగ్లీషులో అడిగాను.

“ఎవరూ పోలేదు. కొన్నాళ్ళలో నేల రాయిలా గడ్డకడుతుంది, పార దిగదు. చలికాలంలో పోయేవాళ్ళ కోసం ముందే తవ్వి పెడతాం. బంగారం వెతుక్కుంటూ వచ్చిన మా తాతల నాటి నుంచీ ఇంతే,” అన్నాడు.

చిన్న ఊరు. ఆ గోతుల్లోకి వెళ్ళబోయేవాళ్ళు ఆ పూట ఇంట్లో కాఫీ తాగుతూ ఉండి ఉంటారు.

అప్పలరాజుకి తెలుగులో చెప్పాను. “ఎవులూ సావకపోతే ఏటి సేత్తారో అడుగు బావ,” అన్నాడు.

“మంచు కరిగాక పూడ్చేస్తాం. ఒక్కటి మిగిలినా ఆ రోజు ఊరంతా కలిసి భోంచేస్తాం. నిరుడు ఏదీ మిగల్లేదు,” అన్నాడు ముసలాయన.

అప్పలరాజు ఖాళీ గోతుల వైపే చూస్తూ నిలబడ్డాడు.

“మా అయ్య సేపల యేటకెల్లి తిరిగి రానేదు బావ. శవం దొరకనేదని మా అమ్మ ఇప్పటికీ బొట్టెట్టుకుంతాది. ఈలకి మనిసి పోకుండానే గొయ్యుంది.”

అతనేమంటున్నాడని ముసలాయన అడిగాడు.

చలిగా ఉందంటున్నాడని చెప్పాను.