కరీం భాయ్, మా మనవరాలు పుట్టిన రోజే పోయినవా

నిన్న పొద్దున ఫోన్ల కరీం భాయ్ పేరు చూడంగనే నేను హలో కూడ అనలే.

"భాయ్! ఆడపిల్ల! మా ఇంట్ల లక్ష్మి పుట్టింది!" అని హాస్పిటల్ వరండాలనే అరిచిన. చేతుల స్వీట్ డబ్బా. నర్సమ్మలు నన్ను చూసి నవ్వుతున్నరు.

అవతల కరీం భాయ్ కాదు. ఆయన కొడుకు.

పిలగాడు ముందుగాల "ముబారక్ చాచా" అన్నడు.

తర్వాత చెప్పిండు. "మా అబ్బాజాన్ పోయిండు చాచా. నమాజ్ చేసి కూసున్నడు, గట్లనే ఒరిగిపోయిండు."

నేను ఏమన్ననో నాకు యాదికి లేదు. ఎవరో ఒకామె వచ్చి డబ్బాలకెల్లి స్వీట్ తీసుకొని "కంగ్రాట్స్ తాతగారూ" అన్నది. థాంక్స్ అమ్మా అన్న.

నవ్వాల్నా ఏడ్వాల్నా?
ఇప్పటికి సుత తెలుస్త లేదు.

మన చిలకలగూడ చాయ్ దోస్తులకు ఆయన గురించి చెప్పే పని లేదు. తెల్వనోళ్ళకు చెప్తున్న. కరీం భాయ్ నా టైలర్ షాప్ పక్కింటాయన. చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసుల టెక్నీషియన్. మా బిడ్డ మంజుల ఎమ్మెస్సీ చేసి అదే ఆఫీసుల చేరితే, చెయ్యి పట్టి పని నేర్పింది ఆయనే.

వాళ్ళకో మిషన్ ఉంటది. చెయ్యంత పొడుగు గొట్టం, కింద ఒక్క కట్టగ నాలుగైదు సెన్సార్లు. నీళ్ళ వేడి, ఉప్పు, మురికి, చేపలకు గాలి ఉందా లేదా, అన్నీ ఒక్కటే చూస్తది. రాత్రి పగలు చెరువుల మునిగి ఉండి ఫోన్‌కు రీడింగ్ పంపిస్తది.

"చెరువుకు డ్యూటీ నర్సు భాయ్ ఇది" అనేటోడు.

ఒకసారి దాన్ని భుజానికి తగిలించుకొని చాయ్ హోటల్‌కు వచ్చిండు. మనోళ్ళు ఊకుంటరా? "కరీం భాయ్, జెర ఈ చాయ్‌ల ముంచు, నీళ్ళు ఎన్ని కలిపిండో తెలుస్తది!"

"మీ చాయ్‌ల ముంచితే నర్సును హాస్పిటల్‌ల చేర్పియ్యాలె" అన్నడు. హోటలాయన సుత నవ్విండు.

మా మంజుల కొత్తల చేసిన పని చెప్త. తిట్టకు బిడ్డా.

ఆ సెన్సార్లు ఎండొద్దని, చెరువుల లేనప్పుడు వాటికి ఒక కప్పు తొడిగి అండ్ల జెర నీళ్ళు పోస్తరు. చెరువుల దించేముందు ఆ కప్పు ఊడదియ్యాలె. మా పిల్ల తియ్యకుండనే దించింది!

సాయంత్రం ఇంటికొచ్చి ఒకటే సంబురం. "నాన్నా, నీళ్ళు ఎంత నిలకడగున్నయో! ఫోన్ల రీడింగ్ గీత కదులుతనే లేదు!" నేను మురిసిపోయి గల్లీ అంతా చెప్పుకొచ్చిన.

తెల్లారి కరీం భాయ్ మిషన్ పైకి గుంజి చూసిండు. "బేటా, అంత పెద్ద చెరువును ఇడిసిపెట్టి కప్పు నీళ్ళను కొలిచినవా!"

ఇగ నౌకరీ చెయ్యనని ఇంటికొచ్చి ముసుగు తన్నింది పిల్ల. ఆయన ఉస్మానియా బిస్కెట్లు పట్టుకొని వచ్చిండు.

"నీది నయం బేటా. నేను కొత్తల తాడు కట్టుడు మర్చి మిషన్‌ను చెరువుకే దానమిచ్చిన. నీది వాపసన్న వచ్చింది."

ముసుగుల నుంచే నవ్వింది. తెల్లారి డ్యూటీకి పోయింది.

గసొంటి మనిషి.

నిన్న మంజులకు కాన్పు ఆపరేషన్ తోని అయ్యింది. బీపీ ఎక్కువుంది, పరేషాన్ చెయ్యొద్దు అన్నది డాక్టరమ్మ. నేను, మా ఇంటామె, అల్లుడు అనుకున్నం, ఇంటికి పోయినంక నిమ్మళంగ చెప్దామని. అందుకే నిన్న ఈ పోస్ట్ పెట్టలే.

కరీం భాయ్‌కు మట్టి ఇచ్చి వచ్చి, నల్లా కాడ ముఖం కడుక్కొని, నవ్వు తెచ్చుకొని వార్డులకు పోయిన.

"నాన్నా, కరీం అంకుల్‌కు చెప్పినవా? ఏమన్నడు?"

"ముబారక్ అన్నరమ్మా."

అది అబద్ధమా, నిజమా? మీరే చెప్పుండ్రి.

ఇయ్యాల తన ఫోన్ అడిగింది. పిల్ల ఫోటోలు చూసుకుంటదని ఇచ్చిన. నా తెలివికి దండం. ఆమె చూసింది చెరువు రీడింగ్.

వారానికోసారి అంకుల్ పడవ మీద పోయి, మిషన్ పైకి తీసి, సెన్సార్లకు పట్టిన పాకురు కడుగుతడట. నీళ్ళకెల్లి బయటికి రాంగనే ఫోన్ల గీత ఒక్కసారి టక్కున పడిపోతదట. నాకు గవన్ని ఏం తెలుసు?

"ఇయ్యాల అంకుల్ కడిగే రోజు నాన్నా. గీత పడలే."

నేను కిటికీ దిక్కు చూసిన.

"అంకుల్‌కు పానం బాగలేదా?"

పరదా సర్దుతున్నట్టు చేసిన. 

"నాన్నా, నా దిక్కు చూడు."

చూసిన. అంతే. ఇగ చెప్పాల్సింది ఏం మిగల్లే.

ఒళ్ళో ఉన్న పసిగుడ్డును నా చేతులల్ల పెట్టి, గోడ దిక్కు మళ్ళింది. భుజాలు వణుకుతున్నయ్. కుట్ల నొప్పికి గట్టిగ ఏడ్వరాదు బిడ్డకు.

రెండు చేతులల్ల మనవరాలు. బిడ్డ తల మీద చెయ్యేద్దామంటే చెయ్యి ఖాళీ లేదు. నా కండ్లు తుడుసుకుందామన్నా లేదు. గట్లనే నిలబడ్డ. పిల్లేమో హాయిగ ఆవులించింది.

కరీం భాయ్, సలాం. ఇన్నేండ్లు అందరి నీళ్ళ మంచిచెడ్డ చూసినవ్, ఇగ నువ్వు సల్లగ పండుకో. నీ మట్టి మీద ఎప్పటికీ సల్లటి గాలే వీయాలె.