గోడ మీద నవ్వుల బొమ్మ, గుమ్మంలో మా అమ్మ

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను గానీ, తగ్గేలా లేదు.

మా అక్క బీచ్ రోడ్డులో ఒక కేఫ్‌లో పని చేస్తుంది. అక్కడ గోడల నిండా పాత పత్రికల వ్యంగ్య చిత్రాలే. ఒకదాంట్లో నెత్తిన చేపల బుట్ట ఉన్న ఆడమనిషికి దొరసాని గౌను, మేజోళ్లు తొడిగారు. చుట్టూ కోట్లేసుకున్న బాబులు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. కష్టం చేసుకునే ఆడది ఒంటినిండా మంచి బట్ట కడితే ఆనాటి పెద్దమనుషులకి అదో జోకు.

ఇవాళ ఆ కేఫ్‌లో 'పాత వైజాగు' వేడుకట. అక్కకి మోకాళ్ల మీదికి గోచీ పోసి చీర కట్టించి, ఆ బొమ్మ కిందే కాఫీలు అందించమన్నారు. వచ్చినవాళ్లంతా నవ్వుకుంటూ సెల్ఫీలు. వేడుక చూద్దామని వచ్చిన నేను మేనేజరు మీదికి వెళ్లబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఊరుకోరా తమ్ముడా. నీ స్పీచ్ అయినాక నా ఉజ్జోగం ఉంటాదేటి?"

అప్పుడే మా అమ్మ వచ్చింది. హార్బర్‌లో చేపలమ్ముకుని, అచ్చం అదే కట్టుతో, అక్కకి అన్నం కేరేజీ పట్టుకుని. వాచ్‌మన్ గుమ్మంలోనే ఆపేశాడు.

"కంపొత్తంది, ఎల్లెల్లు. ఎవలు కావాల నీకు?"

అక్క పరిగెత్తుకొచ్చింది. వెనకాలే మేనేజరు. అక్క నోరు తెరిచేలోపే అమ్మ అనేసింది.

"ఎవలూ లేరు బాబూ, తోవ తప్పొచ్చినాను."

కేరేజీ చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. అక్క కళ్లు తుడుచుకోకుండానే ట్రే ఎత్తుకుంది.

ఆ సెల్ఫీలు దిగినవాళ్లెవరైనా నా ఫ్రెండ్స్‌లో ఉంటే కామెంట్ పెట్టండి. ఆ చీరకట్టులో మీకు నవ్వు తెప్పించిందేంటో మా అమ్మకి చదివి వినిపిస్తాను.